కరక్ కొండెక్కిన షీహా బస్సు

భర్త అవ్వాద్ పోయాక షీహా నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదల్లేదు. భర్త పోయిన ఆడది పాటించాల్సిన గడువది, పాటించింది. మర్నాడు తెల్లారగానే గోడ మేకుకు వేలాడుతున్న పికప్ బండి తాళాలు అందుకుని వాకిట్లోకి వచ్చింది. అప్పటికి సాఫీ ఊళ్లో టమాటా కోతలు మొదలయ్యాయి. ఆమె చేలో వంద పెట్టెలు నిండి, ఎండ ముదరక ముందే మండీకి చేరాలని ఎదురు చూస్తున్నాయి.

మరిది హమ్మాద్ బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఒదినా, ఆ తాళాలు ఇటియ్యి. నీ సరుకు నేను తోలతాను."

"నీ సరుకు నీకు లేదా? తప్పుకో."

"నీకు బండి నడపడం ఎప్పుడొచ్చింది?"

"మీ అన్న పక్కన పన్నెండేళ్లు కూర్చున్నా. ఊరికే కూర్చున్నాననుకున్నావా?"

బండి రెండుసార్లు గింజుకుని, ఒకసారి ఆగిపోయి, మూడోసారికి కదిలింది. మండీలో మగవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. షీహా నెల తిరక్కుండా లైసెన్సు తెచ్చుకుంది. ఏడాది తిరిగేసరికి బండి లేని ఆడవాళ్లంతా తమ పెట్టెలు ఆమె బండికే ఎక్కించసాగారు. మగ డ్రైవర్లు దారిలో నాలుగు కాయలు పక్కకు తీసుకునేవాళ్లు, షీహా తీసుకునేది కాదు. ఊరంతా ఆమెను పెద్ద కూతురి పేరు మీద ఉమ్ నోఫా, అంటే నోఫా తల్లి, అని పిలిచేది. నోఫాకు పెళ్లయి పక్క ఊళ్లో ఉంది. ఇంట్లో మిగిలింది చిన్నది, ఖితామ్. పేరుకు ముగింపు అని అర్థం. ఇక ఆడపిల్లలు చాలనుకుని అవ్వాద్ పెట్టిన పేరది. ఆ పిల్లే బడి చివరి పెద్ద పరీక్షలో నూటికి తొంభై ఒకటి తెచ్చుకుంది. సాఫీ బడి పుట్టిన దగ్గర్నుంచి ఆడపిల్ల అన్ని మార్కులు తెచ్చుకోవడం అదే మొదటిసారి.

ఫలితాలొచ్చిన వారానికి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది.

కంపెనీ అంటే ఊరికి ఉత్తరాన, మృత సముద్రపు నీటిని మళ్లలో ఎండగట్టి ఎరువుల కోసం ఉప్పులు తీసేది. సాఫీలో రెండిళ్లకొకరు అక్కడ జీతం తీసుకునేవాళ్లే. రంజాన్ వచ్చిందంటే గడపగడపకూ బియ్యం, నూనె, పంచదార ఉన్న అట్టపెట్టె పంపేది. ఆసుపత్రికి ఒక యంత్రం కొనిచ్చింది, బడికి రంగులు వేయించింది. బాగా చదివే పిల్లలకు ఏటా యూనివర్సిటీ ఫీజు కట్టేది. ఖితామ్‌కు వచ్చిన ఉత్తరం అదే. నాలుగేళ్ల రసాయన శాస్త్రం చదువు, ఫీజు మొత్తం కంపెనీదే.

ఖితామ్ ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివి మడిచి పెట్టెలో దాచేసింది.

"దాచడానికా ఇచ్చింది?" అంది తల్లి.

"ఎలా వెళ్లమంటావమ్మా? యూనివర్సిటీ కరక్ కొండ మీదుంది. ఇక్కణ్ణుంచి పొద్దున రెండు వ్యాన్లు మారాలి. మొదటిది నిండేదాకా కదలదు. సాయంత్రం నాలుగు దాటితే కిందికి వచ్చే బండే ఉండదు. పైగా బాబాయి ఒప్పుకోడు. పోయినేడు ఉత్తరాలొచ్చిన ఏడుగురూ ఇప్పుడేం చేస్తున్నారు? టమాటాలు ఏరుతున్నారు."

అది నిజమే. ఎవరి తండ్రీ చదువు వద్దనలేదు. తెలియని మగాళ్లతో ఇరుక్కుని, తెలియని డ్రైవరు వెనక, చీకట్లో కొండ దిగి రావడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఉత్తరాలు ఏటా వస్తూనే ఉన్నాయి, పెట్టెల అడుగున చేరుతూనే ఉన్నాయి. షీహా ఆ రోజు టమాటా వేపుడు మాడ్చేసింది. ఆమె చేతి వంట మాడడం ఖితామ్ ఎన్నడూ చూడలేదు.

రెండు వారాల తర్వాత మునిసిపాలిటీ హాల్లో కంపెనీ వాళ్ల సభ జరిగింది. ఆ ఏడు ఊరికి ఏం చేయబోతున్నారో చెప్పడానికి సామాజిక విభాగం నుంచి ఇంజనీరు నిజార్ వచ్చాడు. మదబా పట్నం మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి, మర్యాదస్తుడు. గోడ మీద రంగుల బొమ్మ పెట్టించాడు. ఊరి నడిమధ్య కూడలిలో పాలరాతి ఫౌంటెన్, చుట్టూ ఖర్జూరపు చెట్లు, అడుగున కంపెనీ గుర్తు. మగవాళ్లు చప్పట్లు కొట్టారు. వెనక వరసల్లో ఆడవాళ్లు కూర్చున్న చోటి నుంచి షీహా లేచింది.

"ఇంజనీరు గారూ, దీంట్లోకి నీళ్లెక్కడివి?"

"పైపు వేస్తామమ్మా."

"మా వీధికి వారానికి ఒక రోజు వస్తాయి నీళ్లు. ఆ ఒక్క రోజూ ఫౌంటెన్ మా వంతు తీసుకుంటుందా, మేమే దాని వంతు తీసుకోవాలా?"

హాలు గొల్లుమంది. నిజార్ కూడా నవ్వాడు. "మీకేం కావాలో మీరే చెప్పండి. ఆడపిల్లల కోసం చెయ్యాలనే మాకూ ఉంది. ఏటా ఏడెనిమిది మందికి ఫీజు కడతామంటాం, ఒక్కరూ తీసుకోరు. ఎందుకో మాకు అర్థం కావడం లేదు."

"ఎవర్నైనా అడిగారా?"

నిజార్ తడబడ్డాడు. అడగలేదు. అడగాలని తోచనేలేదు.

"పై మెట్టు మీద భోజనం పెట్టి రమ్మంటున్నారు, ఎక్కడానికి మెట్లేవి?" అంది షీహా. "బస్సు కావాలి. పొద్దున మా వీధుల్లోంచి ఆడపిల్లల్ని ఎక్కించుకుని తిన్నగా యూనివర్సిటీ గేటు ముందు దింపాలి. సాయంత్రం అదే గేటు దగ్గర ఎక్కించుకుని గడపగడపకూ దింపాలి. అంతే. మిగతాది పిల్లలు చదువుకుంటారు."

ముందు వరసలో కూర్చున్న హమ్మాద్ వెనక్కి తిరిగాడు. "బస్సు సరే ఒదినా, నడిపేదెవడు? పరాయి మగాడి చేతికి పాతికమంది ఆడపిల్లల్ని ఎవరిస్తారు?"

"నేను నడుపుతాను."

ఈసారి నవ్వు చాలాసేపు ఆగలేదు. ఎవరో "గేర్లకు బదులు టమాటాలుంటాయేమో" అన్నారు. షీహా నవ్వు అయ్యేదాకా నిలబడే ఉంది. నిజార్ మాత్రం ఈసారి నవ్వలేదు. చేతిలో కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

మూడు వారాలు ఏ కబురూ లేదు. నాలుగో వారం నిజార్ తనే ఆమె పొలానికి వచ్చాడు. బూట్లు బురదయ్యాయి. షీహా గట్టు మీద కూర్చోబెట్టి మరియమియ్యా అనే కమ్మటి వాసన ఆకు వేసిన టీ ఇచ్చింది.

"ఉమ్ నోఫా, పైవాళ్లతో పోట్లాడి వచ్చాను. ఫౌంటెన్ లేదు. ముప్పై సీట్ల బస్సు కొంటాం. అది మీ ఊరి మహిళా సంఘం పేరు మీద ఉంటుంది, మా పేరు మీద కాదు. రెండేళ్లు డీజిలు, మరమ్మతులు మావి. ఆ తర్వాత మీ కాళ్ల మీద మీరు నిలబడాలి. ఒక్క షరతు. పెద్ద బస్సు లైసెన్సు లేకుండా తాళాలివ్వను."

"నేర్పేదెవరు?"

"మా దగ్గర అబూ రద్దాద్ ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా కార్మికుల బస్సు నడుపుతున్నాడు. బండి మీద ఒక్క గీత పడలేదు. మధ్యాహ్నం షిఫ్టు లేనప్పుడు మా యార్డూ, పాత బస్సూ, ఆయనా మీవే."

అబూ రద్దాద్‌కు అరవై దగ్గర పడ్డాయి. మాట తక్కువ, కసురు ఎక్కువ. మొదటి రోజు తెల్లటి ఉప్పు గుట్టల పక్కన యార్డులో ఆమెను సీట్లో కూర్చోబెట్టి, "ఇది పికప్ కాదు బిడ్డా. వెనకాల ఇంకో పది మీటర్లుంది. అది నీ మాట వినదు, నువ్వే దాని మాట వినాలి" అన్నాడు. వారం రోజులు ముందుకు పోనివ్వలేదు. వెనక్కే. అద్దాలు చూస్తూ, నూనె పీపాల మధ్య నుంచి వంకర్లు తిప్పుతూ వెనక్కి. పీపా పడితే ఆయన నోరు తెరిచేవాడు కాదు. కిందికి దిగి దాన్ని నిలబెట్టి, మళ్లీ అని చెయ్యి ఊపేవాడు. ఒక్క మధ్యాహ్నం పదకొండు పీపాలు పడ్డాయి. షీహా స్టీరింగ్ మీద తల వాల్చేసింది.

"ఏడుస్తున్నావా?"

"లేదు. తిడుతున్నా."

"ఎవర్ని?"

"పీపాల్ని."

"మంచిది. నన్నే అనుకున్నా. మళ్లీ."

మొదటి పరీక్షలో వెనక్కి తిప్పేటప్పుడు గీత దాటింది, తప్పించారు. రెండోసారి ఎత్తు మీద ఆపి కదిలించేటప్పుడు బండి ఒక మూర వెనక్కి జారింది, మళ్లీ తప్పించారు. ఈలోగా ఖితామ్ ఏడాది టమాటా షెడ్డులోనే గడిచిపోయింది, ఫీజును మాత్రం కంపెనీ మరుసటి ఏటికి నిలిపి ఉంచింది. హమ్మాద్ రోజూ వాకిట్లోకి వచ్చి, "ఏం ఒదినా, బస్సెక్కుదామా?" అని అడిగిపోయేవాడు. ఆమె "మూట సర్దుకో, పిలుస్తా" అనేది. మూడోసారి పరీక్ష పెట్టే అధికారి పక్కన కూర్చుని, కొండ మలుపులో ఉన్నట్టుండి ఆపమన్నాడు. ఆపింది. కదిలించమన్నాడు. బస్సు ఒక్క వేలెడు కూడా వెనక్కి పోకుండా ముందుకు పాకింది. ఆయన పెన్ను మూత తీస్తూ, "ఈ ఆఫీసులో నేను సంతకం పెట్టే మొదటి ఆడమనిషివి నువ్వే" అన్నాడు.

"సంతకం గట్టిగా పెట్టండి. చెరిగిపోకూడదు" అంది షీహా.

అక్టోబరులో బస్సు వచ్చింది, తెల్లగా, పక్కన మహిళా సంఘం పేరుతో. పేర్లిచ్చినవాళ్లు పదకొండు మంది. మొదటి పొద్దున వీధిలోకి వచ్చింది నలుగురే. మిగతా ఇళ్లలో దీపాలు వెలిగాయి గాని తలుపులు తెరుచుకోలేదు. షీహా ఎవరి గడప దగ్గరా హారను కొట్టలేదు, బతిమాలలేదు. ఒక్కో ఇంటి ముందూ రెండు నిమిషాలు ఆగి కదిలింది. ఊరు దాటాక అద్దంలో చూస్తే వెనక ఒక పికప్. హమ్మాద్! బస్సు నెమ్మదిస్తే నెమ్మదిస్తున్నాడు, మలుపు తిరిగితే తిరుగుతున్నాడు. కొండ మొదలైంది. చెవులు దిబ్బళ్లు పడ్డాయి, గాలి చల్లబడింది. కిటికీల్లోంచి కింద సముద్రం నీలం పలకలా కనబడింది. నలుగురు పిల్లలూ మాటలు మాని చూస్తూ ఉండిపోయారు. యూనివర్సిటీ గేటు ముందు బస్సు ఆగింది. పికప్ కూడా ఆగింది.

షీహా దిగి మరిది దగ్గరికి వెళ్లింది. "నువ్వూ చదువుతావా?"

"ఇంజను చప్పుడు ఎలా ఉందో చూద్దామని వచ్చా" అన్నాడు హమ్మాద్ చూపు తప్పించి.

ఆ వారమంతా చప్పుడు వింటూ కొండెక్కాడు, సాయంత్రం చప్పుడు వింటూ దిగాడు. ఆరో రోజున డీజిలు దండగనిపించిందో, మనసు కుదుటపడిందో, మానేశాడు. రెండో వారానికి పిల్లలు ఏడుగురయ్యారు. నెల తిరిగేసరికి పదకొండు మంది.

అసలు పరీక్ష జనవరిలో వచ్చింది. సాయంత్రం దిగేటప్పుడు పైన వాన ముంచెత్తింది. మూడో మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా బురద, రాళ్లు. కొండ ఇంకా రాలుతూనే ఉంది. గుప్పెడంత రాళ్లు బస్సు కప్పు మీద పడుతుంటే పిల్లలు కెవ్వుమన్నారు. ముందుకు దారి లేదు. వెనక కిలోమీటరు పైన, టీ కొట్టు దగ్గర మాత్రమే రోడ్డు వెడల్పు. బస్సు వెనకాలే ఒక నీళ్ల ట్యాంకరు వచ్చి ఆగింది. దాని డ్రైవరు తడుస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, బస్సు వదిలేసి పిల్లల్ని తీసుకుని నడిచి రా!"

"ఈ రాళ్ల కింద నడిపించను. నువ్వు వెనక్కి పో, నీ వెనకే నేనొస్తా."

"ఈ సందులో వెనక్కా? ఇది లారీ అమ్మా, మేక కాదు!"

"నువ్వు పోతావా, దాన్ని కూడా నన్నే తియ్యమంటావా?"

ఆ మాటకు అతనికి రోషం వచ్చింది, వెళ్లి ఎక్కాడు. ట్యాంకరు మెల్లగా వెనక్కి నడిచింది. షీహా ఖితామ్‌నూ ఇంకో పిల్లనూ వెనక అద్దం దగ్గర నిలబెట్టింది. "భయపడకండి, చూస్తూ ఉండండి. అంచు కనబడితే అరవండి" అంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. అద్దాల్లో వాన తప్ప ఏమీ లేదు. ఒక్కో మలుపులో ఆపి, కొంచెం ముందుకు తీసి, మళ్లీ వెనక్కి. ఖితామ్ గొంతు వెనక నుంచి "కుడికమ్మా... ఇంకా... చాలు!" అంటూనే ఉంది. కిలోమీటరుకు ముప్పావు గంట పట్టింది. టీ కొట్టు దగ్గర చేతి బ్రేకు లాగి, వెనక్కి తిరిగి పిల్లల తలలు లెక్కపెట్టింది. ట్యాంకరు డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చి, తల మీది ఎర్ర గళ్ల గుడ్డ తీసి నీళ్లు పిండుకుంటూ, "ఇరవై రెండేళ్లుగా ఈ రోడ్డు మీద ఉన్నానమ్మా" అన్నాడు. వెళ్లి అందరికీ టీ చెప్పాడు. బస్సు మొదట ఆగిన చోటే కొండ ఇంకో దఫా జారిందనీ, రోడ్డు సగం లోయలోకి పోయిందనీ మర్నాడు పనివాళ్లు చెప్పారు.

ఆ రాత్రికి పిల్లలందరికీ టీ కొట్టు యజమాని తల్లి తన ఇంట్లో పక్కలు వేసింది. షీహా పదకొండు ఇళ్లకూ ఫోను చేసి, ప్రతి తండ్రితోనూ తను మాట్లాడి, తర్వాత పిల్ల చేతికి ఫోనిచ్చింది. మర్నాడు మధ్యాహ్నం రోడ్డు ఒక వరస తెరిచాక కిందికి దిగారు. మునిసిపాలిటీ ముందు తండ్రులు, అన్నలు గుమిగూడి ఉన్నారు. ఎవరో ఒకాయన గొంతు పెంచాడు. "ఆడపిల్లల్ని ఒక రాత్రంతా ఊరు కాని ఊళ్లో..."

హమ్మాద్ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. ఇతను కూడా మొదలెడితే బస్సు అక్కడితో ఆగిపోయినట్టే అనుకుంది షీహా.

"ఊరు కాని ఊళ్లో ఉంచిందా? ప్రాణాలతో ఉంచింది!" అని అరిచాడు హమ్మాద్. "పొద్దున పోయి చూసొచ్చాను ఆ చోటు. మీలో ఎవడైనా ఆ మలుపుల్లో సైకిలు వెనక్కి నడిపి చూపించండి, అప్పుడు మాట్లాడదాం. మా ఒదిన నడిపే బస్సులో నా కూతురు వచ్చే ఏడు ఎక్కుతుంది. ఇష్టం లేనివాళ్లు మీ పిల్లల్ని దింపుకోండి, సీట్లు ఖాళీ అవుతాయి."

ఎవరూ దింపుకోలేదు. ఆ సెప్టెంబరులో ఇరవై ఆరుగురు పేర్లిచ్చారు.

ఆ తర్వాత కంపెనీ సభ తీరు మారింది. నిజార్ బొమ్మలు తేవడం మానేశాడు. కుర్చీలు గుండ్రంగా వేయించి, ముందు ఆడవాళ్లను మాట్లాడమనేవాడు, తను రాసుకునేవాడు. ఆసుపత్రికి యంత్రంతో పాటు దాన్ని నడిపే అమ్మాయికి శిక్షణ ఇప్పించడం అలా వచ్చిందే. టమాటాలు ఎండబెట్టే షెడ్డు కూడా అంతే. కంపెనీ భోజనశాలకు టమాటాలు రాజధాని అమ్మాన్ నుంచి రావడం ఆగి, మూడు మైళ్ల దూరం నుంచి రావడం మొదలైంది. ఒకసారి కంపెనీ పెద్దలు వచ్చి బస్సు పక్కన షీహా ఫొటో తీయాలన్నారు. నిలబడింది. ఫొటో అయ్యాక, "రెండో బస్సు ఎప్పుడొస్తుంది? పోయిన వారం తొమ్మిది మంది నిలబడి వచ్చారు" అంది. నిజార్ నవ్వాపుకోవడానికి గోడ వైపు తిరిగాడు. ఆరు నెలల్లో రెండోది వచ్చింది. దానికి డ్రైవరు కావాల్సి వస్తే, పోయినేడు చదువు ఆపేసిన ఒక పిల్ల తల్లిని షీహాయే తయారు చేసింది. నూనె పీపాలు పడేసినప్పుడు ఆమెను కసరడం షీహాకు చాలా హాయిగా అనిపించింది.

రెండేళ్లకు కంపెనీ డీజిలు ఆగిపోయినా బస్సులు ఆగలేదు. పిల్లలు తరగతుల్లో ఉన్న వేళ సంఘం వాళ్లు కరక్ బడుల విహారయాత్రలకూ, ఆసుపత్రికి వెళ్లే గర్భిణులకూ వాటిని తిప్పారు. అబూ రద్దాద్ పదవీ విరమణ చేసినప్పుడు ఆయన సీటు షీహాకు ఇస్తామనీ, జీతం దాదాపు రెట్టింపనీ కంపెనీ కబురు పెట్టింది. "నాకో బస్సుంది" అని కబురు తిప్పి పంపింది.

నాలుగో ఏడు జూలైలో పట్టాలిచ్చే రోజు రెండు బస్సుల నిండా సాఫీ జనం కొండెక్కారు. హాలు బయటి దాకా నిండింది. షీహా బస్సును నీడలో నిలిపి, ఇస్త్రీ చేసిన నల్ల గౌను, కుట్టుపని చేసిన చున్నీతో వెనక గోడకు ఆనుకుని నిలబడింది. వేదిక మీద ఒక్కో పేరూ, ఊరూ చదువుతున్నారు. "సాఫీ" అన్న మాట మొదటిసారి వినబడగానే వెనక వరసల్లో ఆడవాళ్లు నాలుకలు ఆడిస్తూ కేరింత పెట్టారు. రెండోసారి, మూడోసారి. ఏడోసారికి ముందు వరసల్లోని పెద్దమనుషులు కూడా వెనక్కి తిరిగి చూడసాగారు, ఎక్కడిదీ ఊరు అని. తొమ్మిదోది ఖితామ్ అవ్వాద్. తరగతిలో రెండో స్థానం. హమ్మాద్ కుర్చీ ఎక్కి నిలబడి, చేతులు రెండూ పైకెత్తి, "మా పిల్ల! మా అన్న పిల్ల!" అని అరుస్తుంటే పోలీసు వచ్చి దిగమన్నాడు. దిగలేదు. షీహా చున్నీ చివరతో ముఖం తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. తర్వాత తనూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ హాల్లో అందరికంటే గట్టిగా కేరింత పెట్టింది.

ఖితామ్ పరుగెత్తుకొచ్చి తల్లిని చుట్టేసింది. కంపెనీ ప్రయోగశాలలో ఉద్యోగానికి పిలుపు వచ్చిన సంగతి ఆ పిల్ల వారం రోజులుగా దాచి ఉంచింది, అక్కడే చెవిలో చెప్పింది. "ఈసారి ఉత్తరం పెట్టెలో దాచకు" అంది షీహా.

జనం బస్సులెక్కుతుంటే తెల్లగడ్డం రైతు ఒకడు ద్వారం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పొలం నుంచి తిన్నగా వచ్చినట్టు చెప్పుల నిండా మట్టి.

"ఉమ్ నోఫా నువ్వేనా బిడ్డా? మాది ఫీఫా. మీకింకా దక్షిణాన. నా మనవరాలికి ఎనభై ఎనిమిది వచ్చాయి. మా ఊరి దాకా వస్తావా?"

"ఒక్కర్తేనా?"

"ఇంకో నలుగురున్నారు. వాళ్ల నాన్నలు ఆలోచిస్తున్నారు."

షీహా సీట్లో కూర్చుని ఇంజను తిప్పింది. "ఆలోచించుకోమను. చదువులు మొదలయ్యే రోజు పొద్దున మీ మసీదు ముందు అయిదున్నరకు ఉంటాను. మొదటి వారం బండ్లేసుకుని వెనకాలే రావాలనుకున్నా రమ్మను, రోడ్డు అందరిదీ" అని చెప్పి, తలుపు మూసి, పాటలు అందుకున్న జనంతో కొండ దిగడం మొదలెట్టింది.